కోడ్‌లో పేర్లు ఎలా పెట్టాలి: ఒక వడ్డీ లెక్కతో మొదలుపెడదాం

ముందు ఈ నాలుగు లైన్లు చదవండి.

పి = 50000
ఆర్ = 2
టి = 18
ఎస్ఐ = పి * ఆర్ * టి / 100

లెక్కలో తప్పేమీ లేదు. యాభై వేల అసలు, రెండు రూపాయల వడ్డీ, పద్దెనిమిది నెలలు. జవాబు 18,000. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి రెండు రూపాయలని మన ఊళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ ఇదే కోడ్ బ్యాంకు లెక్కలకి అలవాటుపడ్డ మనిషి చేతికి వెళ్తే? అక్కడ రేటంటే ఏడాదికి. 'ఏడాదికి రెండు శాతం, కాలం మాత్రం నెలల్లో ఉంది, పన్నెండుతో భాగించడం మర్చిపోయారు' అనుకుని సరిదిద్దుతారు. వడ్డీ 1,500 అవుతుంది. ప్రోగ్రాం మాత్రం ఏ ఎర్రర్ లేకుండా నడుస్తూనే ఉంటుంది.

ఇది ఊహించి చెప్పడం లేదు. మా అమ్మ వాళ్ల పొదుపు సంఘం లెక్కలకి నేను ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. అందులో వడ్డీ రేటుకి 'రేటు' అని మాత్రమే పేరు పెట్టాను. రెండేళ్ల తర్వాత మా తమ్ముడు ఆ ఫైల్ తెరిచి, మంచి మనసుతోనే, పైన చెప్పినట్టు సరిదిద్దాడు. నెలాఖరు మీటింగ్‌లో ముగ్గురు సభ్యుల వడ్డీ పన్నెండో వంతుకి పడిపోయింది. చేత్తో రాసిన పుస్తకం పక్కనే ఉంది కాబట్టి ఆ సాయంత్రమే తెలిసింది, కానీ అందరూ కూర్చుని లెక్కంతా మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. తప్పు తమ్ముడిది కాదు. వాడికి రావాల్సిన సందేహానికి నేను పెట్టిన పేరులో జవాబు లేదు.

ఇప్పుడు అదే లెక్కని ఇలా రాద్దాం.

అసలు_రూపాయల్లో = 50000
నెలకి_వడ్డీ_శాతం = 2
గడిచిన_నెలలు = 18
మొత్తం_వడ్డీ = అసలు_రూపాయల్లో * నెలకి_వడ్డీ_శాతం * గడిచిన_నెలలు / 100

పన్నెండుతో భాగించాలన్న ఆలోచన ఇక ఎవరికీ రాదు. మీ కోడ్‌లో ప్రతి పేరునీ ఈ స్థాయికి ఎలా తీసుకురావాలో కింద వరసగా చెబుతాను. ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే రాశాను. పైతాన్ 3 తెలుగు అక్షరాల పేర్లని ఒప్పుకుంటుంది, పై లైన్లు ఉన్నవి ఉన్నట్టు నడుస్తాయి. ఒక్క జాగ్రత్త: 'కోడ్‌లో' వంటి మాటల్లో వత్తు పడకుండా పొల్లు తర్వాత మనం టైప్ చేసే కనపడని అక్షరం ఒకటుంది. పేరులో అది ఉంటే పైతాన్ ఎర్రర్ ఇస్తుంది. ఆఫీసు కోడ్‌లో ఇంగ్లిష్ అక్షరాలే వాడతారు కాబట్టి ఆ సంగతి తర్వాత విడిగా చూద్దాం.

మొదటి అడుగు: పేరు పెట్టే ముందు నోటితో చెప్పండి

కీబోర్డు మీంచి చేతులు తీసి, ఆ వేరియబుల్‌లో ఏముంటుందో పక్కన కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు ఒక వాక్యంలో చెప్పండి. తెలుగులోనే చెప్పండి, ఇంగ్లిష్ మాట కోసం తడుముకోవద్దు. 'ఈ సభ్యురాలు ఈ నెల కట్టాల్సిన వాయిదాలో ఇంకా మిగిలింది' అన్నారనుకోండి, పేరు ఆ వాక్యంలోనే ఉంది: ఈ_నెల_వాయిదాలో_మిగిలింది. మీరు 'డేటా' అనో 'వాల్యూ' అనో పెట్టబోయారు, కానీ మీ నోటి నుంచి వచ్చిన వాక్యంలో ఆ రెండు మాటలూ లేవు.

ఒక్కోసారి వాక్యం రాదు. 'అంటే, ఇది మొదట అసలు, తర్వాత లూప్‌లో బాకీ అవుతుంది' అని రెండు ముక్కలుగా వస్తుంది. అప్పుడు మంచి పేరు కోసం వెతకడం దండగ. ఒకే వేరియబుల్‌తో రెండు పనులు చేయిస్తున్నారు, దాన్ని రెండుగా విడగొట్టండి. రెండింటికీ పేర్లు వాటంతటవే వస్తాయి. పేరు కుదరడం లేదంటే చాలాసార్లు కోడ్‌లోనే ఏదో కుదరలేదని అర్థం. నాకు ఈ అడుగు మిగతా అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది.

రెండో అడుగు: ఆ పని చేసేవాళ్ల మాటలు అడిగి తెలుసుకోండి

అప్పుల లెక్కలో 'అమౌంట్' అన్న ఒక్క మాటతో ఎన్ని వేరు వేరు సంగతులు చెప్పొచ్చో చూడండి. ఇచ్చిన మొత్తం, మిగిలి ఉన్న మొత్తం, ఈ నెల కట్టాల్సిన మొత్తం, కట్టిన మొత్తం. ప్రోగ్రామర్‌కి ఇవన్నీ అమౌంట్‌లే. కానీ వందల ఏళ్లుగా అప్పులిచ్చి పుచ్చుకుంటున్న మన వాళ్ల దగ్గర ప్రతిదానికీ విడి మాట ఉంది: అసలు, బాకీ, వాయిదా, జమ. ప్రామిసరీ నోటు వెనక కొంత సొమ్ము కట్టినట్టు రాయించుకుంటే దాన్ని 'చెల్లు' అంటారు. ఈ మాటలు ఒకదానితో ఒకటి కలిసిపోవు. అందుకే పద్దులు రాసేవాళ్లు తడబడకుండా మాట్లాడుకోగలుగుతున్నారు.

తేదీల దగ్గర ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. 'డేట్' అని ఒక కాలమ్ పెట్టేసి ఊరుకుంటాం. కానీ నోటు విషయంలో కనీసం మూడు తేదీలు ఉంటాయి. నోటు రాసిన తేదీ ఒకటి. చివరి చెల్లు తేదీ ఒకటి. కోర్టుకి వెళ్లడానికి చట్టం ఇచ్చిన కాలపరిమితి ముగిసే తేదీ మరొకటి. అడగగానే తీర్చాల్సిన మామూలు నోటుకి ఆ పరిమితి రాసిన రోజు నుంచి మూడేళ్లు. ఆ లోపల కొంత సొమ్ము కట్టి నోటు మీద చెల్లు రాసి సంతకం చేస్తే, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కపెడతారు. 'డేట్' అన్న పేరుతో ఈ లెక్క రాస్తే ఏ తేదీకి మూడేళ్లు కలపాలో కోడ్ చదివేవాళ్లకి తెలియదు. ఇలా రాస్తే తెలుస్తుంది:

నోటు_రాసిన_తేదీ
చివరి_చెల్లు_తేదీ
కాలపరిమితి_ముగిసే_తేదీ

మీరు ఆసుపత్రికో, రైస్ మిల్లుకో, స్కూల్ బస్సులకో సాఫ్ట్‌వేర్ రాస్తుంటే అక్కడ పనిచేసేవాళ్ల పక్కన ఒక పూట కూర్చోండి. వాళ్లు వాడిన మాటలు ఒక కాగితం మీద రాసుకోండి. రెండు మాటలు ఒకటే అనిపిస్తే 'ఈ రెండింటికీ తేడా ఏంటండీ' అని అడగండి. తేడా ఉంటే కోడ్‌లో రెండు పేర్లు కావాలి.

మూడో అడుగు: కొలమానం, కాలం పేరులోనే ఉండాలి

అంకె పక్కన కొలమానం లేకపోతే మనిషి తనకి అలవాటైనదాన్నే ఊహించుకుంటాడు. వడ్డీ విషయంలో జరిగింది అదే.

దీనికి పెద్ద ఉదాహరణ అంగారక గ్రహం దగ్గర ఉంది. 1998 డిసెంబర్‌లో నాసా ప్రయోగించిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబర్ 23న గ్రహాన్ని చేరుతూ మాయమైపోయింది. నేల మీది ఒక సాఫ్ట్‌వేర్, థ్రస్టర్లు (నౌకని నెట్టే చిన్న ఇంజన్లు) ఇచ్చిన తోపుడు లెక్కని పౌండ్-ఫోర్స్ సెకన్లలో రాసి ఇచ్చింది. ఆ ఫైల్‌ని తీసుకున్న సాఫ్ట్‌వేర్ దాన్ని న్యూటన్ సెకన్లుగా చదువుకుంది. రెండింటికీ దాదాపు 4.45 రెట్ల తేడా. నెలల తరబడి ఆ తేడా పేరుకుపోయి నౌక అనుకున్నదానికన్నా చాలా కిందికి దిగిపోయింది. ఏ కొలమానం వాడాలో ముందే రాతపూర్వకంగా ఒప్పుకున్నారు కాబట్టి, పేరు ఒక్కటే ఆ నౌకని కాపాడేదని నేను చెప్పలేను. కానీ ఒప్పందం వేరే కాగితంలో ఉంటుంది, పేరు మాత్రం అంకె వాడిన ప్రతిచోటా కళ్లముందు ఉంటుంది.

మన రోజువారీ పనిలో ఇవి తరచుగా ఎదురవుతాయి:

డబ్బు. మన దేశంలో కొన్ని పేమెంట్ గేట్‌వేలు మొత్తాన్ని పైసల్లో తీసుకుంటాయి. 500 రూపాయలకి 50000 పంపాలి. 'అమౌంట్' అని రాస్తే ఏదో ఒకరోజు ఎవరో ఒకరు రూపాయలు పంపుతారు. 'మొత్తం_పైసల్లో' అని రాయండి.

సమయం. 'టైమవుట్ = 30' అంటే సెకన్లా, మిల్లీసెకన్లా? 'టైమవుట్_సెకన్లు' అనండి.

ఏడాది. ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరమా, జనవరి నుంచి మొదలయ్యేదా? ఫిబ్రవరి 2025 క్యాలెండర్‌లో 2025, ఆర్థిక సంవత్సరంలో 2024-25. పేరులో 'ఆర్థిక' అన్న మాట ఉంటే ఈ గొడవ రాదు.

నెల. జావాస్క్రిప్ట్‌లో గెట్‌మంత్ జనవరికి 0 ఇస్తుంది. దాన్ని తీసుకుని 'నెల' అని పేరు పెడితే ఇన్‌వాయిస్ మీద పోయిన నెల అచ్చవుతుంది. 'నెల_సున్నా_నుంచి' అని పెట్టండి, లేదా అక్కడికక్కడే ఒకటి కలిపి 'నెల' అనండి. ఆ భాషలోనే గెట్‌డేట్ నెలలో తేదీ ఇస్తుంది, గెట్‌డే వారంలో ఎన్నో రోజో ఇస్తుంది. వీటి పేర్లు ఇంతగా కలిసిపోవడం వల్ల ఇప్పటికీ కొత్తవాళ్లు పొరపడుతూనే ఉన్నారు. మీ ఫంక్షన్లకి అలాంటి జంట పేర్లు పెట్టకండి.

నాలుగో అడుగు: ఫంక్షన్ చేసే పని, అవునా కాదా అనే విలువలు

ఫంక్షన్ పేరు క్రియ కావాలి: వడ్డీ_లెక్కించు, రసీదు_పంపు. 'ప్రాసెస్', 'హ్యాండిల్' అన్నవి ఏ పనికైనా సరిపోతాయి, అందుకే ఏమీ చెప్పవు. ఇంకో మాట. 'లెక్కించు' అన్న పేరున్న ఫంక్షన్ లెక్కించి ఊరుకోవాలి. లోపల డేటాబేస్‌లో రాసి, సభ్యులకి మెసేజ్ కూడా పంపితే, పరీక్ష కోసం దాన్ని నడిపిన మనిషి తెలియకుండా ఊరందరికీ మెసేజ్‌లు పంపినట్టవుతుంది. నిజం చెప్పాలంటే పేరు 'వడ్డీ_లెక్కించి_రాసి_మెసేజ్_పంపు' అవ్వాలి. అది బాగోలేదనిపిస్తే ఫంక్షన్‌ని మూడు చేయండి.

అవును, కాదు అనే విలువలకి ప్రశ్నలా ఉండే పేరు పెట్టండి. తెలుగులో ఇది ఎంత సులువో చూడండి, చివర ఒక దీర్ఘం చాలు: బాకీ_తీరిందా, సంతకం_చేశారా. ఇంగ్లిష్‌లో ఆ పనికి ముందు 'ఈజ్', 'హ్యాజ్' తగిలిస్తారు. 'ఫ్లాగ్' అని మాత్రం వద్దు. కాలేజీలో సి ల్యాబ్ రికార్డు రాసిన రోజుల నుంచీ ప్రధాన సంఖ్యల ప్రోగ్రాంలో ఫ్లాగ్ రాసీ రాసీ అది మన చేతికి అలవాటైపోయింది. 'బాకీ_తీరలేదా' లాంటి వ్యతిరేక ప్రశ్నలూ వద్దు. దాని ముందు ఇంకో 'కాదు' చేరితే ఎవరికైనా తల తిరుగుతుంది.

ఐదో అడుగు: ఎంత పొడవు?

పేరు పెట్టిన చోటికీ వాడే చోటికీ మధ్య దూరం పెరిగేకొద్దీ పేరు వివరంగా ఉండాలి. రెండు లైన్ల లూప్‌లో 'ఐ' చాలు. రెండు విలువలు అటూ ఇటూ మార్చేటప్పుడు 'టెంప్' కూడా సరైన పేరే, ఎందుకంటే అది నిజంగా తాత్కాలికం, మూడో లైన్‌కి దాని పని అయిపోతుంది. పది ఫైళ్లలో వాడే విలువకి మాత్రం ఒక్కక్షరం పేరు పెట్టకండి. తర్వాత వెతకడానికి కూడా వీలుండదు. 'ఆర్' అని వెతికితే ప్రాజెక్టులో సగం లైన్లు వస్తాయి.

కుదించి రాయడం ఒకప్పుడు తప్పనిసరి. పాత ఫోర్ట్రాన్‌లో పేరు ఆరు అక్షరాలు దాటకూడదు. ఐ నుంచి ఎన్ వరకు ఉన్న అక్షరాలతో మొదలైన పేర్లని, వేరేగా చెప్పకపోతే, పూర్ణాంకాలుగా తీసుకునేది. లూప్‌లో ఐ, జె, కె రాసే అలవాటు అప్పటినుంచీ ఉంది. 1989 నాటి సి ప్రమాణం కూడా వేరే ఫైళ్లకి కనిపించే పేర్లలో మొదటి ఆరు అక్షరాల వరకే హామీ ఇచ్చింది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు, ఎడిటర్ సగం పేరు తనే పూర్తి చేస్తుంది. కాబట్టి అచ్చుల్ని కొరికేసి పేర్లు కుదించకండి. అందరికీ తెలిసిన జీఎస్టీ, ఓటీపీ లాంటివి సరే.

ఆరో అడుగు: తెలుగు మాటా, ఇంగ్లిష్ మాటా?

టీమ్‌లో పనిచేసేటప్పుడు ఇది తేల్చుకోవాల్సిందే. నా అభిప్రాయం ఇది: ఇంగ్లిష్‌లో సరైన మాట ఉంటే అదే వాడండి, ఎందుకంటే రేపు ఆ కోడ్ పుణెలోనో డల్లాస్‌లోనో ఉన్న మనిషి చదవొచ్చు. 'చెల్లు' లాంటి మాటకి ఇంగ్లిష్‌లో ఒక్క మాట దొరకదు. అప్పుడు తెలుగు మాటనే ఉంచండి. దగ్గరగా ఉందని 'పేమెంట్' అనేస్తే మామూలు వాయిదాకీ చెల్లుకీ తేడా పోతుంది.

కానీ తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడంలో ఒక చిక్కుంది. 'వడ్డీ' చివర ఒకరు 'ఐ' రాస్తారు, ఒకరు రెండు 'ఈ'లు రాస్తారు, 'డ' ఒకటా రెండా అన్నది మరో సందేహం. ఒకే ప్రాజెక్టులో మూడు వర్ణక్రమాలు చేరితే వెతికినప్పుడు ఒకటే దొరుకుతుంది. అందుకని ప్రాజెక్టులో ఒక చిన్న పదకోశం ఫైల్ పెట్టండి. ప్రతి మాటకీ ఒక లైన్: మాట, ఇంగ్లిష్ అక్షరాల్లో దాన్ని ఇలాగే రాయాలి, దాని అర్థం ఇది. ఇరవై లైన్ల ఫైల్ చాలు. కొత్తగా చేరినవాళ్లకి మొదట అదే ఇవ్వండి.

మాటల మధ్య కింది గీత పెట్టాలా, పెద్దక్షరం వాడాలా అన్నదాని మీద ఎక్కువ వాదించుకోకండి. పైతాన్‌లో కింది గీత, జావాలో నడుమ పెద్దక్షరం. ఆ భాషలో ఏది నడుస్తుంటే అదే.

మనుషుల పేర్ల గురించి మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇందులో ఎక్కువ ఇబ్బంది పడేది మన తెలుగువాళ్లే. 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అని కాలమ్‌లు పెడతారు. ఆ పేర్లు చెప్పేది వరస గురించి, అర్థం గురించి కాదు. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది. పింగళి వెంకయ్య అన్న పేరుని ఖాళీ దగ్గర విడగొడితే 'ఫస్ట్ నేమ్'లో పింగళి చేరుతుంది, అది ఇంటిపేరు. ఫారంలో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా పడి, రెండూ కలవక ఎంతమంది పిల్లలు వీసా సమయంలో టెన్షన్ పడ్డారో మనకి తెలుసు. 'ఇంటిపేరు', 'పెట్టిన_పేరు', 'పిలవాల్సిన_పేరు' అని అర్థాన్ని బట్టి పేర్లు పెట్టండి. ఇంటిపేరు ఖాళీగా ఉండడానికి కూడా వీలివ్వండి.

ఏడో అడుగు: బయటికి వెళ్లే ముందు అక్షరదోషాలు చూడండి

బ్రౌజర్ ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లినప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే హెచ్‌టీటీపీ హెడర్ ఒకటుంది, రెఫరర్. ఇంగ్లిష్‌లో ఆ మాట నడుమ రెండు 'ఆర్'లు ఉండాలి. హెడర్‌కి ఒకటే పడింది. 1996లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనూ అలాగే ఉంది, ఈరోజు మీ బ్రౌజర్ పంపేదీ అదే తప్పు స్పెల్లింగ్. దాని మీద ఆధారపడ్డ సర్వర్లు అన్ని ఉన్నాయి కాబట్టి ఇక దిద్దడానికి లేదు. యూనిక్స్‌లో ఫైల్ సృష్టించే కాల్ పేరు చివర 'ఈ' లేకుండా అలాగే ఉండిపోయింది. ఏపీఐ (వేరే ప్రోగ్రాంలు మన ప్రోగ్రాంతో మాట్లాడే దారి) ఫీల్డులు, డేటాబేస్ కాలమ్‌లు, లైబ్రరీలో బయటివాళ్లు పిలిచే ఫంక్షన్లు, ఈ మూడింటి పేర్లూ విడుదలకి ముందు ఇంకో మనిషితో పైకి చదివించండి. ఫోన్లో చదివి వినిపిస్తే అవతలివాళ్లు అడగకుండా రాసుకోగలిగితే ఆ పేరు బాగున్నట్టే.

చివరి అడుగు: పాత కోడ్‌లో పేర్లు మార్చడం

ఒకేసారి అన్నీ మార్చకండి. మీరు ఎలాగూ పని చేస్తున్న ఫైల్‌లో, చదువుతుండగా మీరు ఆగి ఆలోచించాల్సి వచ్చిన పేరుని మాత్రమే మార్చండి. మీకు సందేహం వచ్చిందంటే తర్వాతివాళ్లకీ వస్తుంది.

చేత్తో వెతికి మార్చవద్దు. వీఎస్ కోడ్‌లో ఎఫ్2, ఇంటెల్లిజేలో షిఫ్ట్ ఎఫ్6 నొక్కితే ఎడిటర్ ఆ పేరు వాడిన చోట్లన్నీ తనే పట్టుకుంటుంది. కానీ కొటేషన్ల లోపల ఉన్న పేర్లు, ఎస్‌క్యూఎల్ వాక్యాల్లోవి, జేసన్ కీలు, టెంప్లేట్లలోవి దానికి అందకపోవచ్చు. అందుకే మార్చాక పాత పేరుతో మొత్తం ప్రాజెక్టులో ఒకసారి వెతకండి. పేరు మార్పుని విడి కమిట్‌గా పెట్టండి. లాజిక్ మార్పుతో కలిపేస్తే రివ్యూ చేసేవాళ్లకి ఏది ఏదో తెలియదు.

డేటాబేస్ కాలమ్ అయితే ఇంకాస్త ఓపిక కావాలి. కొత్త పేరుతో కాలమ్ చేర్చండి. రాసేటప్పుడు కొన్నాళ్లు రెండింటిలోనూ రాయండి. పాత వరసలన్నిటినీ కొత్త కాలమ్‌లోకి నింపండి. చదివే చోట్లని ఒక్కొక్కటిగా కొత్తదానికి మార్చండి. పాతదాన్ని ఎవరూ చదవడం లేదని లాగ్‌లలో చూసుకున్నాకే తీసేయండి. ఏపీఐ ఫీల్డుకీ ఇదే వరస, కాకపోతే పాతదాన్ని ఎప్పుడు తీసేస్తారో వాడేవాళ్లకి ముందే చెప్పాలి.

మా సంఘం ప్రోగ్రాంలో పాత 'రేటు' కాలమ్‌ని ఇలాగే మూడు నెలలు పక్కన ఉంచాను. మూడో నెలాఖరున చేతిరాత పుస్తకంలోని వడ్డీ, 'నెలకి_వడ్డీ_శాతం'తో వేసిన వడ్డీ ప్రతి సభ్యురాలికీ పైసాతో సహా సరిపోయాక దాన్ని తీసేశాను.